ప్రతిభకు కంచె ఎక్కడుంది? సరిహద్దు పల్లెల నుంచి ఒక పరిశీలన

ఏటా మే, జూన్ నెలలు రాగానే బళ్ళారి, సిరుగుప్ప తాలూకాల సరిహద్దు గ్రామాలలో ఇంటింటా ఒకే చర్చ సాగుతుంది. బిడ్డను ఏ వైపు చదివించాలి? బళ్ళారిలోనా, లేక గుంతకల్లు, ఆదోని, అనంతపురాలలోనా? మేనమామ ఆ వైపున ఉన్నాడని కొందరు, హాస్టలు బాగుందని కొందరు, ఇంట్లో మాట్లాడే తెలుగు రాయడం రాకుండా పోతుందన్న బెంగతో మరికొందరు ఏదో ఒక నిర్ణయానికి వస్తారు. పదేళ్ళ తరువాత ఆ బిడ్డ ఏ రాష్ట్రపు ప్రతిభావంతుల జాబితాలో నిలబడగలడో, ఏ రాష్ట్రంలో బయటివాడుగా మిగిలిపోతాడో కూడా ఆ రోజే తేలిపోతుందన్న సంగతి చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రాదు.

"మెరిట్ ఉంటే సీటు ఎక్కడైనా వస్తుంది" అన్న మాట మన రచ్చకట్టల మీద తరచుగా వినబడుతుంది. రిజర్వేషన్ల మీద కోపం వచ్చినప్పుడు ఒకరు, లంచాల మీద విసుగు పుట్టినప్పుడు మరొకరు "అంతా మెరిట్ ప్రకారమే జరగాలి" అని తీర్పు చెబుతుంటారు. సంస్థలనూ సమాజాన్నీ ప్రతిభ ఆధారంగానే నడపడం న్యాయమా అన్న ప్రశ్న మీద ప్రపంచమంతటా వాదోపవాదాలు సాగుతున్నాయి. ఆ ప్రశ్నను పరిశీలించడానికి మన సరిహద్దు కంటే అనువైన చోటు మరొకటి ఉండదని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రూపనగుడి వైపు ఒక పల్లెలో ఒక బాలిక, విడపనకల్లు వైపు ఒక పల్లెలో మరొక బాలిక ఉన్నారనుకోండి. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. ఇద్దరి తండ్రులూ అదే నల్లరేగడిలో పత్తి, మిరప పండిస్తారు. ఇద్దరికీ నీట్ పరీక్షలో సరిగ్గా ఒకే మార్కులు వచ్చాయి. బళ్ళారిలోని విజయనగర వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే మనం విమ్స్ అని పిలిచే 1961 నాటి కళాశాలలో, మొదటి బాలికకు కల్యాణ కర్ణాటక స్థానికురాలిగా 70 శాతం సీట్ల వాటాలో అవకాశం ఉంది. రెండవ బాలికకు ఆ వాటా వర్తించదు. ఆమె అక్కడ చేరాలంటే దేశమంతటితో పోటీపడే అఖిల భారత కోటాలో ర్యాంకు తెచ్చుకోవాలి. అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల దగ్గరకు వచ్చేసరికి వ్యవహారం తారుమారవుతుంది. అక్కడ స్థానికులకు 85 శాతం. విడపనకల్లు బాలిక స్థానికురాలు, రూపనగుడి బాలిక స్థానికేతరురాలు. మార్కులు మారలేదు, తెలివి మారలేదు, చదివిన గంటలూ మారలేదు. వారి మధ్య ఉన్నది సరిహద్దు రాయి ఒక్కటే.

ఓబుళాపురం గనుల వివాదంలో ఆ రాళ్ళు ఎక్కడున్నాయో తేల్చే పని సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన సంగతి పాఠకులకు విదితమే. ఇనుప ఖనిజానికి దక్కిన ఆ శ్రద్ధ మన పిల్లల చదువుకు దక్కలేదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

ఆంధ్రప్రదేశ్‌లో స్థానికత అన్నది 1973లో 32వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 371-డి అధికరణానికి చెందిన విషయం. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తరువాత ఆ ఏర్పాటు జరిగింది. విద్యాప్రవేశాలపై 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. రాయలసీమ జిల్లాలూ నెల్లూరూ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందకు వస్తాయి. ఇంటర్మీడియట్ అర్హతగా ఉన్న కోర్సులకు ఆ నాలుగేళ్ళు అంటే తొమ్మిది, పది తరగతులు, ఇంటర్ రెండు సంవత్సరాలు.

కర్ణాటకలో వృత్తివిద్యా ప్రవేశాలకు సాధారణంగా వర్తించే నిబంధన వేరు. ఒకటవ తరగతి నుంచి రెండవ పీయూసీ వరకు మొత్తం మీద కనీసం ఏడు విద్యా సంవత్సరాలు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలి. ఎస్సెస్సెల్సీ గాని, రెండవ పీయూసీ గాని ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి. మినహాయింపులు మరికొన్ని ఉన్నా, మన పల్లె కుటుంబాలలో ఎక్కువమందికి వర్తించేది ఇదే.

ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎనిమిదవ తరగతి వరకు బళ్ళారి జిల్లాలో చదివి, తొమ్మిదిలో గుంతకల్లుకు వెళ్ళి ఇంటర్ కూడా అక్కడే ముగించినవాడు ఆంధ్రలో స్థానికుడవుతాడు. కర్ణాటకలో ఎనిమిదేళ్ళు చదివినా, ఎస్సెస్సెల్సీ గాని పీయూసీ గాని ఇక్కడ లేనందువల్ల పై నిబంధన కింద అర్హత పోగొట్టుకుంటాడు. పదవ తరగతి ఇక్కడ ముగించి ఇంటర్‌కు మాత్రమే ఆ వైపు వెళ్ళినవాడికి ఇక్కడి అర్హత నిలుస్తుంది, అక్కడి స్థానికత మాత్రం రాదు. ఏడు వరకు ఆ వైపు మేనమామ ఇంట్లో ఉండి, ఎనిమిది నుంచి ఈ వైపు చదివి పీయూసీ ముగించినవాడికి ఇక్కడ అయిదేళ్ళే లెక్కకు వస్తాయి. ఏడు పూర్తికావు. అక్కడ ఇంటర్ లేదు గనుక అక్కడి స్థానికతా లేదు. అంటే ఇటు సాధారణ నిబంధన కిందకు రాడు, అటు స్థానికుడూ కాడు. పుట్టిన ఊరు, మాట్లాడే భాష, తండ్రి పొలం అన్నీ ఈ రెండు జిల్లాల మధ్యనే ఉన్న పిల్లవాడి పరిస్థితి ఇది. పదమూడేళ్ళ వయసులో ఇంట్లో పెద్దలు చేసిన ఏర్పాటుకూ అతని ప్రతిభకూ ఏమి సంబంధం?

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. తెలంగాణ 2024లో వైద్యవిద్యకు స్థానికత నిబంధనలను సవరించినప్పుడు, రెండేళ్ళ ఇంటర్ చదువు కోసం హైదరాబాదు వదలి విజయవాడ వంటి చోట్లకు వెళ్ళిన తెలంగాణ పిల్లలు స్థానికేతరులైపోయారు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2025 సెప్టెంబరులో ఆ నాలుగేళ్ళ నిబంధన చెల్లుతుందని న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఇక 371-జె సంగతి. 98వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన ఈ అధికరణం, దాని కింద 2013లో వెలువడిన ఉత్తర్వులు హైదరాబాదు-కర్ణాటక ప్రాంతానికి ప్రత్యేక వాటా కల్పించాయి. ప్రాంతంలోని విద్యాసంస్థలలో 70 శాతం, రాష్ట్రస్థాయి సంస్థలలో 8 శాతం సీట్లు ఇక్కడివారికి. ప్రాంతీయ ఉద్యోగాలలో గ్రూప్ ఏ, బీ పోస్టులకు 75 శాతం, గ్రూప్ సీకి 80 శాతం, గ్రూప్ డీకి 85 శాతం. నిజానికి బళ్ళారి నిజాం రాజ్యంలో ఉన్నది 1800 సంవత్సరం వరకే. ఆపై దత్తమండలాలలో భాగంగా కుంఫిణీ పాలనలోకి, అటుపై మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోగా, మిగిలిన బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అయినా వెనుకబాటుతనం ఒకటే గనుక కలబురగి, రాయచూరు, బీదరులతో పాటు మన జిల్లానూ చేర్చారు. అది సబబే. 2011 జనాభా లెక్కలలో రాష్ట్ర అక్షరాస్యత 75 శాతం ఉండగా మన జిల్లాలో అది 67 శాతం దగ్గరే ఆగింది.

1953లో ఆ గీత మరి కొన్ని మైళ్ళు అటో ఇటో పడి ఉంటే, మన పిల్లలలో ఎందరు "ప్రతిభావంతులు" మరొక జాబితాలో ఉండేవారో! ఏ మెరిట్ జాబితా అయినా ఒక కంచె లోపల తయారైనదే. ఆ కంచె ఎవరు వేశారన్నది ముందు తేలితే గాని లోపల ఎవరు మొదట నిలిచారన్న దానికి అర్థం ఉండదు.

పుట్టుక నుంచి పరీక్షకు

ఇంతమాత్రాన పరీక్షలూ ర్యాంకులూ మోసమని తీర్మానించడం తొందరపాటవుతుంది. పరీక్ష రాకముందు ఏమి ఉండేదో మన పల్లెలకు తెలిసినంతగా నగరాలకు తెలియదు. ఈ వైపు శానుభోగు, ఆ వైపు కరణం. ఎవరి పొలం ఎవరి పేరున ఉండాలో రాసే కలం ఒకే ఇంట్లో తాత నుంచి మనుమడికి సంక్రమించేది. ఆ కలం పట్టడానికి ఏ పరీక్షా అక్కరలేదు, ఆ ఇంట పుట్టడమే అర్హత. మైసూరు రాష్ట్రంలో ఈ వంశపారంపర్య గ్రామోద్యోగాలను 1961 చట్టం రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు వ్యవస్థ 1984 జనవరిలో పోయింది. 2019లో అదే ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షా పాతికవేలకు పైగా ఉద్యోగాలను పరీక్ష పెట్టి నింపారు. ఒకనాడు కరణం వాకిట చెప్పులు విడిచి నిలబడిన కుటుంబాల పిల్లలు సచివాలయంలో కుర్చీ మీద కూర్చుని భూమి దస్త్రాలు చూస్తున్నారంటే అది పరీక్ష చేసిన మేలే. ఆ పరీక్ష లోపాల గురించి ఎన్ని చెప్పుకున్నా ఈ మేలును కాదనలేము. పుట్టుక, సిఫారసు, లంచం అనే మూడింటితో పోల్చినప్పుడు పరీక్ష ఎంతో న్యాయమైనది.

కాని పరీక్ష ఉన్నంత మాత్రాన తలుపు అందరికీ తెరుచుకోదని కూడా చరిత్ర చెబుతున్నది. ఇండియన్ సివిల్ సర్వీసుకు 1855లో బహిరంగ పోటీ పరీక్ష మొదలైంది. కాగితం మీద భారతీయులకూ అవకాశం ఉంది. పరీక్ష జరిగేది మాత్రం లండనులో. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూరు తొలి భారతీయుడుగా నెగ్గాడు. అదే పరీక్షను భారతదేశంలో కూడా జరపడానికి 1922 దాకా పట్టింది. ఓడ ఖర్చులు పెట్టుకోగలవారి ప్రతిభనే అన్నేళ్ళూ లెక్కించారన్నమాట.

ఈ విషయంలో మన ప్రాంతపు పాలకులు రెండు భిన్నమార్గాలు తొక్కారు. మైసూరు సంస్థానంలో 1918లో మిల్లర్ సంఘాన్ని నియమించి బ్రాహ్మణేతరులకు ఉద్యోగాలలో చోటు కల్పించే ప్రయత్నం మొదలైనప్పుడు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య దానితో ఏకీభవించక పదవి నుంచి తప్పుకున్నారు. సామర్థ్యం తగ్గిపోతుందన్నది ఆయన భయం. కృష్ణరాజసాగరం కట్టిన ఇంజనీరు భయాన్ని తేలికగా తీసిపారేయలేము. మహారాజు మాత్రం వెనకడుగు వేయలేదు. బళ్ళారి అప్పుడు మద్రాసు కింద ఉండేది. అక్కడ పానగల్లు రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921 నుంచి కమ్యూనల్ జీవోలు తెచ్చింది. చివరి దశలో ప్రతి 14 స్థానాలలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవ ఆంగ్లో-ఇండియనులకు 1, ముస్లిములకు 1 చొప్పున పంచేవారు. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసింది. ఆ ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) అధికరణం చేరింది. నేటి రిజర్వేషన్ల చర్చలో సగం మాటలు ఆనాటివే.

మార్కులు దేనిని కొలుస్తున్నాయి?

2024లో కర్ణాటక ఎస్సెస్సెల్సీ పరీక్షలకు తొలిసారి గదిగదిలో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. ఉత్తీర్ణత ఒక్కసారిగా పడిపోయింది. గ్రేస్ మార్కులు పెంచి కలిపిన తరువాత కూడా 73.40 శాతమే నిలిచింది. ఉడుపి 94 శాతంతో మొదట నిలవగా, మన ప్రాంతపు యాదగిరి 50.59 శాతంతో చివరన నిలిచింది. 2025లో దక్షిణ కన్నడ 91.12 శాతం, కలబురగి 42.43 శాతం. ఉడుపి పిల్లల మెదడుకూ యాదగిరి పిల్లల మెదడుకూ ఇంత తేడా ఉంటుందని ఎవరూ నమ్మరు. తేడా బడులది. గణిత ఉపాధ్యాయుడు ఏడాది పొడుగునా ఉన్నాడా, తల్లికి చదువు వచ్చా, పత్తి ఏరే కాలంలో పిల్ల బడికి వచ్చిందా, ఇవన్నీ కలిసి మార్కుగా మారతాయి. మార్కుల కాగితం మీద మాత్రం పిల్ల పేరు ఒక్కటే ఉంటుంది.

ఇరవై ఏళ్ళకు పైగా రెండు భాషలలో పాఠం చెబుతున్నవాడిగా భాష గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో కన్నడం చదువుతుంది, పీయూసీ సైన్సుకు వచ్చేసరికి పుస్తకమంతా ఇంగ్లీషు. "భిన్నం" అని ఒక చోట, "భిన్నరాశి" అని మరొక చోట, "ఫ్రాక్షన్" అని ఇంకొక చోట ఒకే విషయాన్ని మూడుసార్లు కొత్తగా నేర్చుకుంటుంది. దానికి పట్టే శ్రమకు మార్కులు లేవు. మూడు భాషలలో ఆలోచించగలగడం కూడా ఒక ప్రతిభేనని ఏ ప్రశ్నపత్రమూ గుర్తించదు.

కన్నడమే మాతృభాష అయినవారికి కూడా ఈ దెబ్బ తప్పలేదు. 2024 ఆగస్టు 27న కర్ణాటక పబ్లిక్ సర్వీస్ కమిషన్ 384 గెజిటెడ్ ప్రొబేషనరీ పోస్టులకు ప్రాథమిక పరీక్ష జరిపింది. కన్నడ ప్రశ్నలలో అనువాద దోషాలు ఎన్నో దొర్లాయి. ప్రశ్న కన్నడంలో ఒకటి అడిగితే ఇంగ్లీషులో మరొకటి అడిగినట్టుంది. ఆందోళన జరిగింది, ముఖ్యమంత్రి పునఃపరీక్షకు ఆదేశించారు. 2024 డిసెంబరు 29న మళ్ళీ పరీక్ష పెట్టగా, మళ్ళీ అనువాద దోషాలే. రాష్ట్రపు అధికార భాషలో, రాష్ట్రపు అత్యున్నత ఉద్యోగాలకు, రెండుసార్లు ఇలా జరిగింది. ఇంగ్లీషు వచ్చినవాడు రెండు ప్రశ్నలనూ పోల్చుకుని గట్టెక్కాడు. పల్లెలో కన్నడ మాధ్యమంలో చదివినవాడు తప్పు ప్రశ్నకు జవాబు వెతుకుతూ కాలం పోగొట్టుకున్నాడు. ఫలితాల జాబితాలో మొదటివాడు ప్రతిభావంతుడు, రెండవవాడు కాడు.

ఇక అసలు పరీక్షనే అమ్ముకున్న ఉదంతాలు. 2021 అక్టోబరులో 545 పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు జరిగిన పరీక్షలో అక్రమాలు బయటపడి 2022 ఏప్రిల్‌లో ఎంపిక జాబితాను రద్దు చేశారు. పునఃపరీక్ష 2024 జనవరిలో గాని జరగలేదు. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ ఒకసారి ప్రశ్నపత్రాల లీకుతో, మరొకసారి హైకోర్టు ఉత్తర్వుతో, 2023లోనే రెండుసార్లు రద్దయింది. 2024 నీట్‌లో 67 మందికి 720కి 720 మార్కులు రావడం, సవరణ తరువాత ఆ సంఖ్య 17కు తగ్గడం అందరికీ గుర్తుండే ఉంటుంది. పాట్నా, హజారీబాగ్‌లలో పత్రం లీకైన మాట నిజమేనని, అయితే పరీక్ష మొత్తాన్ని రద్దు చేయవలసినంత ఆధారం లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి సందర్భాలలో ఎక్కువ నష్టపోయేది ఎవరు? నగరంలోని ధనికుడి బిడ్డ మరొక ఏడాది కోచింగు తీసుకుంటాడు. పల్లె పిల్లకు ఆ ఏడాదిలో పెళ్ళి సంబంధం చూస్తారు.

ఇంగ్లీషులో "మెరిటోక్రసీ" అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన మైకేల్ యంగ్ 1958లో దానిని ఎగతాళిగా వాడాడని చాలామందికి తెలియదు. ఆయన పుస్తకం 2034వ సంవత్సరంలో కూర్చుని రాసినట్టుగా ఉంటుంది. తెలివిని చిన్ననాటనే కొలిచి పదవులు పంచే సమాజంలో పైనున్నవారు తమ స్థానం తమకు న్యాయంగా దక్కిందని గర్విస్తారు. కిందివారికి చెప్పుకోవడానికి అదృష్టం బాగాలేదన్న సాకు కూడా మిగలదు. చివరకు తిరుగుబాటు వస్తుంది. తాను హెచ్చరికగా చెప్పిన మాటను రాజకీయ నాయకులు ఆదర్శంగా వాడుతున్నారని యంగ్ 2001లో విచారపడ్డాడు. మన ఊళ్ళలో ఫలితాల రోజున ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫోటోలు చూసినప్పుడు నాకు ఆయన మాట గుర్తుకు వస్తుంది. ఆ ఫ్లెక్సీ మీద లేని పిల్లలు కూడా అదే దారిన బడికి నడుస్తారు.

"అంతా సరే, రేపు ఆపరేషను బల్ల మీద పడుకున్నప్పుడు డాక్టరుకు తెలివి అక్కరలేదా?" అని అడిగేవారున్నారు. అక్కరలేదని ఎవరూ అనడం లేదు. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్‌కు పని తెలిసి ఉండాలి, బస్సు నడిపేవాడికి నడపడం రావాలి, శస్త్రచికిత్స చేసేవాడి చేయి వణకరాదు. పని దగ్గర సామర్థ్యం చూడటం వేరు, చదువు గుమ్మం దగ్గర ర్యాంకు చూడటం వేరు. ఏ కోటాలో చేరినా ఎంబీబీఎస్ పరీక్షలు అందరికీ ఒకటే, ఉత్తీర్ణత మార్కులూ ఒకటే. కొందరి విషయంలో సడలిస్తున్నది ప్రవేశపు కటాఫ్‌నే. యాజమాన్య కోటాలో, ఎన్నారై కోటాలో లక్షలు పోసి చేరినవారి విషయంలో ఈ ఆపరేషను బల్ల ప్రశ్న ఎందుకు రాదో నాకు అర్థం కాదు. 2022 జనవరిలో నీట్ ఓబీసీ కోటాను సమర్థించిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా, పోటీ పరీక్షలో చూపిన ప్రదర్శన ఒక్కటే ప్రతిభ కాదనీ, ఆ ప్రదర్శన వెనుక కుటుంబం, డబ్బు, పరిసరాలు ఇచ్చిన బలం ఉంటుందనీ గుర్తించింది.

అలాగని కోటాలు అన్నీ సక్రమంగా ఉన్నాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏ కోటాలోకీ రాని పేద రైతు బిడ్డ బాధ నిజమైనదే. 371-జె వాటా బళ్ళారి నగరంలో ఖరీదైన బడిలో చదివినవాడికీ, మోకా దాటాక ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో చదివినవాడికీ సమానంగా వర్తిస్తుంది. ఆ ఇద్దరిలో సీటు ఎవరికి దక్కుతుందో ఊహించడం కష్టం కాదు. వృత్తివిద్యా ప్రవేశాలలో గ్రామీణ విద్యార్థులకు 15 శాతం, కన్నడ మాధ్యమం వారికి 5 శాతం కేటాయింపు ఉన్నందువల్ల ఈ అన్యాయం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. కోటా ఇచ్చి బడికి గణితం, సైన్సు ఉపాధ్యాయులను ఇవ్వకపోతే, ఆ కోటా పై మెట్టు మీద ఉన్నవారికే అందుతుంది.

ఉద్యోగాల వైపు చూస్తే కంచె మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తోరణగల్లు చుట్టుపక్కల పరిశ్రమలు వచ్చినప్పటి నుంచి "స్థానికులకు నైపుణ్యం లేదు" అన్న మాట మనం వింటూనే ఉన్నాము. నైపుణ్యం పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుంది. కాని స్థానికుడంటే ఎవరు? 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు సంస్థలలో యాజమాన్య స్థాయి ఉద్యోగాలు 50 శాతం, ఇతర ఉద్యోగాలు 70 శాతం స్థానికులకు ఇవ్వాలన్న బిల్లును ఆమోదించి, పరిశ్రమల నుంచి నిరసన రాగానే రెండు రోజులలో పక్కన పెట్టింది. ఆ బిల్లులో స్థానికుడు అంటే కర్ణాటకలో పుట్టి, పదిహేనేళ్ళుగా ఇక్కడ నివసిస్తూ, కన్నడం మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చినవాడు. హైస్కూలులో కన్నడం ఒక భాషగా చదివిన ధ్రువపత్రం ఉండాలి, లేదా కన్నడ పరీక్షలో నెగ్గాలి. ఆంధ్రప్రదేశ్ 2019లోనే 75 శాతం స్థానిక ఉద్యోగాల చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది.

తెలుగు కుటుంబాలు ఆ నిర్వచనాన్ని చూసి భయపడనక్కరలేదు. కన్నడం చదివిన మన పిల్లలు అందులోకి వస్తారు. 2015 చట్టం ప్రకారం ఇక్కడి అన్ని బడులలోనూ కన్నడ బోధన తప్పనిసరి. కాని పుట్టుక అన్న మాట దగ్గర మన పల్లెలకు చిక్కు ఉంది. మన ఆడపడుచులు తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళడం ఆనవాయితీ. పుట్టిల్లు ఉరవకొండలోనో ఆలూరులోనో ఉంటే బిడ్డ జనన ధ్రువపత్రం ఆంధ్రది అవుతుంది. పదిహేనేళ్ళు ఇక్కడే పెరిగి, కన్నడంలో నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్నా "కర్ణాటకలో పుట్టినవాడు" అన్న మొదటి గడిలో టిక్కు పడదు. కరణం ఇంట పుట్టినవాడికే కలం అన్న పాత పద్ధతి పోయిందని సంతోషించామే, ఆసుపత్రి ఏ వైపున ఉన్నదో చూసి ఉద్యోగమిచ్చే పద్ధతి దానికి ఎంత దూరం?

ఇటువంటి బిల్లు మళ్ళీ సభ ముందుకు వస్తే సరిహద్దు నియోజకవర్గాల శాసనసభ్యులు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పుట్టిన చోటుకు బదులు చదివిన చోటును ప్రమాణంగా తీసుకోవాలి. రెండు రాష్ట్రాలలో కలిపి చదివిన సరిహద్దు తాలూకాల పిల్లల సంవత్సరాలను కలిపి లెక్కించే ఏర్పాటు ఉండాలి. మహారాష్ట్ర, కేరళ సరిహద్దు తాలూకాలలోని కన్నడిగుల కోసం కర్ణాటక ప్రవేశ నిబంధనలలో గడినాడు అన్న ప్రత్యేక వర్గం ఇప్పటికే ఉంది. కనుక ఇది ఎన్నడూ విననిది కాదు. ఆంధ్ర ప్రభుత్వం కూడా ఆదోని, రాయదుర్గం వైపు కన్నడ కుటుంబాల పిల్లల విషయంలో ఇదే దృష్టితో ఆలోచించవచ్చు.

అందాకా తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. బిడ్డను ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆ వైపు బడికి మార్చే ముందు పై లెక్క ఒకసారి వేసుకోండి. ఏ తరగతి ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చదివారో తెలిపే స్టడీ సర్టిఫికెట్లను బడి మారినప్పుడల్లా తీసుకుని భద్రపరచుకోండి. బడులు మూతపడితే ఆ రిజిస్టర్లు వెతికించడం ఎంత కష్టమో ఇంతకుముందు తిరిగినవారికి తెలుసు. 371-జె అర్హతా పత్రం అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయం నుంచి రావాలి. కౌన్సెలింగు నోటిఫికేషను వచ్చాక పరుగెత్తేవారికి జూన్‌లో ఆ కార్యాలయం ముందు వరుస చాలా పొడుగ్గా ఉంటుంది. పీయూసీ మొదటి సంవత్సరం దసరా సెలవులలో వెళ్తే ఆ పని తీరుబడిగా అవుతుంది.